డాక్టర్ హుసేన్ జహీర్

తార్నాక పరిశోధనశాల అనగానే రసాయన శాస్త్రజ్ఞులకు స్ఫురించే తొలి పేర్లలో డాక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్ పేరొకటి. ఆయన 1901లో జన్మించారు. తండ్రి సర్ వజీర్ హసన్ అవధ్ న్యాయస్థానపు ప్రధాన న్యాయమూర్తి. సోదరుడు సజ్జాద్ జహీర్ అభ్యుదయ సాహిత్యోద్యమ సారథి. లక్నో విశ్వవిద్యాలయంలో అధ్యాపకులైన జహీర్ 1948లో హైదరాబాదుకు వచ్చి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం చెంత 1944లో వెలసిన కేంద్ర ప్రయోగశాలల బాధ్యత స్వీకరించారు. నేటి భారత రసాయన సాంకేతిక సంస్థకు మూలం అదే.

మలేరియా జ్వరానికి చైనీయులు శతాబ్దాలుగా వాడుతున్న చాంగ్‌షాన్ అనే మొక్క వేరులో ఫెబ్రిఫ్యూజిన్ అనే పదార్థం ఉంది. దాని అణు నిర్మాణంలోని ప్రధాన భాగం క్వినజోలోన్. నొప్పిని హరించగల మందులను అన్వేషిస్తూ జహీర్, ఆయన సహచరుడు ఇంద్రకిశోర్ కక్కర్ ఈ కుటుంబానికి చెందిన కొత్త పదార్థాలను తయారుచేసి 1951లో ప్రకటించారు. వాటిలో ఒకటి మెథాక్వలోన్.

అయితే సీసాలోని పొడి ఏమి చేయగలదో దాని నిర్మాణం ఒక్కటే చెప్పదు. ప్రాణిపై పరీక్షించవలసిందే. లక్నోలో గుజ్రాల్ బృందం పరీక్షించగా ఈ పదార్థాలకు నిద్రపుచ్చే గుణమున్నదని 1955లో వెల్లడైంది. నొప్పి మందుకై వెదకగా నిద్రమందు లభించింది! తర్వాతి దశాబ్దంలో అది పాశ్చాత్య దేశాల్లో విరివిగా అమ్ముడుపోయింది. క్రమంగా వ్యసనమై ఎందరి ప్రాణాలనో బలిగొన్నది.

జహీర్ 1962 నుండి 1966 వరకు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్‌గా పనిచేసి, 1975లో కన్నుమూశారు. అమెరికా ఆ మందును పూర్తిగా నిషేధించినది 1984లో.