నల్ల ట్రాక్టరు నిర్మాత హారీ ఫెర్గూసన్

ఉభాల కాలంలో నాగావళి, వంశధార తీరాల పొలాలలో ట్రాక్టరు దమ్ము చేస్తుండగా గట్టు దగ్గర ఒక వింత కనిపిస్తుంది. తోలేవాడు చిన్న మీట కదపగానే వెనుకనున్న గొర్రు తనంత తానే పైకి లేస్తుంది. బండి మళ్లిన పిమ్మట తిరిగి బురదలోకి దిగుతుంది. మలుపు మలుపుకూ నాగలిని చేతులతో ఎత్తి దించిన రైతుకు దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఈ సదుపాయానికి మూలపురుషుడు హారీ ఫెర్గూసన్ అనే ఐర్లండు రైతుబిడ్డ.

ఆయన 1884 నవంబరు 4న, నేటి ఉత్తర ఐర్లండులోని డ్రోమోర్ పట్టణ సమీపాన జన్మించాడు. పదకొండుగురు సంతానంలో నాలుగవవాడు. చిత్రమేమంటే, పొలం పని ఆయనకు బొత్తిగా గిట్టలేదు. బెల్‌ఫాస్టులో అన్నగారి మోటారు మరమ్మతుల దుకాణంలో చేరాడు. 1909 డిసెంబరు 31న స్వయంగా నిర్మించిన విమానంలో ఎగిరి, ఐర్లండులో ఆ ఘనత సాధించిన మొదటివాడైనాడు.

మొదటి ప్రపంచ యుద్ధం ఆయనను మళ్లీ పొలానికి రప్పించింది. తిండిగింజల కొరత ఏర్పడగా, 1917లో ప్రభుత్వంవారు ట్రాక్టర్ల పనితీరును చక్కదిద్దే బాధ్యతను ఆయనకు అప్పగించారు. ఊరూరా తిరిగి చూడగా లోపమెక్కడున్నదో బోధపడింది. ఆనాటి ట్రాక్టరు, వెనుక తగిలించిన నాగలిని ఈడ్చే ఇనుప ఎద్దు మాత్రమే. పట్టు కోసం దానిని మిక్కిలి బరువుగా చేసేవారు. ఆ బరువుకు నేల అణగిపోయేది. నాగలి బండకు తగిలి ఆగినప్పుడు ముందు చక్రాలు గాలిలోకి లేచి బండి వెల్లకిల పడేది. తోలేవాడు దాని క్రింద నలిగి మరణించడం అరుదైన విషయం కాదు.

ఫెర్గూసన్ ట్రాక్టరును, నాగలిని ఒకే శరీరంగా భావించాడు. క్రింద రెండు, పైన ఒకటి, వెరసి మూడు కడ్డీలతో నాగలిని బండికి బిగించాడు. మట్టి నాగలిని వెనుకకు పట్టిలాగే బలమే వెనుక చక్రాలను నేలకు అదిమేటట్లు, పై కడ్డీ బండి ముందుభాగాన్ని లేవనీయకుండా ఆపేటట్లు అమర్చాడు. నాగలి లోతును నూనె ఒత్తిడితో నడిచే యంత్రం సరిచేస్తూ ఉంటుంది. వినడానికి ఎంతో సుళువు. కుదరడానికి పదిహేనేళ్లకు పైగా పట్టింది. 1933లో సిద్ధమైన తొలి నమూనాకు నల్లరంగు పూశారు. ఆ నల్ల ట్రాక్టరునే లండనులోని సైన్సు మ్యూజియంవారు భద్రపరచారు.

1938లో ఆయన అమెరికా వెళ్లి హెన్రీ ఫోర్డు ఎదుట తన ట్రాక్టరుతో దున్ని చూపాడు. ఫోర్డు కూడా రైతుబిడ్డయే. కరచాలనమే ఒప్పందమైంది, పత్రమన్నది లేదు. మరుసటి ఏటినుండి లక్షలాది బండ్లు వెలువడ్డాయి. కాని ఫోర్డు వృద్ధుడై, మనుమడు అధికారానికి వచ్చాక పెద్దాయన మాట చెల్లలేదు. ఫోర్డు సంస్థ ఒప్పందానికి స్వస్తి చెప్పి, ఫెర్గూసన్ అమరికతోనే 1947లో వేరొక ట్రాక్టరును విడుదల చేసింది. 1948లో ఫెర్గూసన్ దావా వేశాడు. కోరినది 25 కోట్ల డాలర్లకు పైగా. 1952లో రాజీ మీద దక్కినది 92 లక్షల 50 వేలు. అంత దెబ్బ తిన్న తరువాతనైనా జాగ్రత్తపడ్డాడా అంటే అదీ లేదు. 1953లో తన సంస్థను కెనడాకు చెందిన మాసీ హారిస్ సంస్థతో కలిపేటప్పుడు, ధరలో వచ్చిన పదిలక్షల డాలర్ల తేడాను నాణెం ఎగురవేసి తేల్చుకోబోయి ఓడిపోయాడు! మరుసటి ఏడే అక్కడినుండి వైదొలగినాడు.

1960 అక్టోబరు 25న ఇంగ్లండులో ఆయన కన్నుమూశాడు. మాసీ ఫెర్గూసన్ సహకారంతో మద్రాసులో టాఫే ట్రాక్టర్ల సంస్థ ఏర్పడినది ఆ ఏటనే.