సభాకంపం ఎరిగిన వక్త

పరీక్షా మందిరంలో ప్రశ్నపత్రం చేతికి అందగానే చదివినదంతా మరచిపోవడం, వేదిక ఎక్కగానే గొంతు తడి ఆరిపోవడం మనలో చాలామందికి అనుభవమే. వేదిక మీద కలిగే ఈ బెదురును పెద్దలు సభాకంపం అన్నారు. ఇది తెలివితక్కువవారికే కలిగే లోపమని భావించడం పొరపాటు. అరవై సంవత్సరాలకు పైగా దేశదేశాల ప్రజల ఎదుట ప్రసంగించిన జిడ్డు కృష్ణమూర్తి జీవితమే ఇందుకు నిదర్శనం.

కృష్ణమూర్తి 1895 మే నెలలో, నాటి కడప జిల్లాలోని మదనపల్లెలో జన్మించారు. తల్లి సంజీవమ్మ. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి. ఎనిమిదవ సంతానం కావడంచేత ఆ బాలునికి కృష్ణుని పేరు పెట్టారు. బాల్యంలో మలేరియా జ్వరం అతణ్ణి తరచు పీడించేది. ఎప్పుడూ పరధ్యానంగా ఉండే ఆ పిల్లవాణ్ణి ఉపాధ్యాయులు మందమతిగా ఎంచి దండించేవారు. 1905లో, పదేళ్ల ప్రాయంలోనే, తల్లిని కోల్పోయాడు.

1909లో నారాయణయ్య కుటుంబంతో సహా మద్రాసు సమీపంలోని అడయారు దివ్యజ్ఞాన సమాజానికి తరలివెళ్లారు. అక్కడ అనీబిసెంట్ కృష్ణమూర్తిని, తమ్ముడు నిత్యానందను చేరదీశారు. కృష్ణమూర్తి జగద్గురువు కాగలడన్న విశ్వాసంతో 1911లో ఒక సంఘం వెలసింది. దానికి ఆయననే అధిపతిని చేశారు. నిన్నమొన్నటి వరకు బెత్తం దెబ్బలు తిన్న బిడియస్తుని భుజాలపై వేలాదిమంది ఆశలు వచ్చి పడ్డాయి.

చదువుకోసం ఆయనను ఇంగ్లండు పంపారు. నిత్యానంద లండన్ విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. అన్నగారు మాత్రం ఎన్ని పర్యాయాలు ప్రయత్నించినా విఫలులయ్యారు. ఒకమారు ఏమీ వ్రాయకుండానే ఉత్త కాగితాలు ఇచ్చి వచ్చేశారు. ఉపన్యాసం చేయడం కూడా తొలిరోజుల్లో ఆయనకు పెద్ద పరీక్షగానే ఉండేది. ఇతరులు తనలో చూడగోరిన మహాపురుషునికి, తానెరిగిన తనకు నడుమ ఎంతో దూరం ఉండేది.

1925లో నిత్యానంద మరణించాడు. ప్రాణసముడైన తమ్ముని వియోగం ఆయనను కదిలించివేసింది. తాను నమ్ముతూ వచ్చినవాటిని ఆయన తరచి చూడసాగారు. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఒమ్మెన్‌లో, అనీబిసెంట్ సమక్షంలో, మూడువేలకు పైగా సభ్యుల ఎదుట ఆ సంఘాన్ని తానే రద్దుచేశారు. పెంచి పెద్దచేసిన తల్లి వంటి వ్యక్తి ఎదుట ఆ మాట చెప్పడానికి ఎంత గుండెనిబ్బరం కావాలో ఊహించవచ్చు. ఆనాడు ఆయన ఎవరినో మెప్పించడానికి మాట్లాడలేదు. తనకు సత్యమని తోచినదే చెప్పారు.

ఆ తరువాత ఆయన సభలు విలక్షణంగా సాగాయి. చేతిలో కాగితం ఉండేది కాదు. వచ్చి కూర్చుని, కొంతసేపు మౌనంగా సభను పరికించి, పక్కనున్న మిత్రునితో కలిసి ఆలోచిస్తున్నట్లు ప్రారంభించేవారు. భయం గురించి ఆయన తరచు చర్చించారు. నిన్నటి ఓటమిని రేపటికి మోసుకుపోయే ఆలోచనలోనే భయం పుడుతుందని, ఇతరులతో పోల్చుకోవడం దానిని పెంచుతుందని వివరించారు. భయం నుండి పారిపోక, దానితో పోరాడక, అది ఎలా కదులుతుందో నిదానంగా గమనించమన్నారు. పోలికలు, పోటీలు లేని చదువుకోసం మదనపల్లె సమీపంలో రిషివ్యాలీ పాఠశాల ఏర్పడటానికి కారకులయ్యారు.

1985లో, దాదాపు తొంభై ఏళ్ల వయస్సులో, న్యూయార్కులోని ఐక్యరాజ్యసమితిలో ప్రసంగించారు. 1986 జనవరిలో మద్రాసులో చివరి ప్రసంగం చేసి, ఫిబ్రవరి 17న అమెరికాలోని ఒహాయ్‌లో కన్నుమూశారు.

మదనపల్లెలోనో, పుంగనూరులోనో, కుప్పంలోనో కళాశాల వేదిక ఎక్కబోయే విద్యార్థికి ఈ జీవితం ఒక ధైర్యం. సాధన అవసరం లేదని దీని అర్థం కాదు. సాధన చేసిన పిదప కూడా కాళ్లు వణికితే, అది అసమర్థతకు గుర్తు కాదని గ్రహించాలి. నేను ఎలా కనిపిస్తున్నాను అన్న చింతను వదలి, నేను చెప్పవలసినది ఏమిటి అన్న దానిపై దృష్టి నిలిపినప్పుడు మాట దానంతట అదే దారి చూసుకుంటుంది.