మిశ్రభాషకు నిఘంటువు కూర్చిన బ్రౌను దొర

చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర పేరు వినగానే మనకు వేమన పద్యములును, తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును జ్ఞప్తికి వచ్చును. ఆయన 1854లో ప్రకటించిన మిశ్రభాషా నిఘంటువును తలచువారు అరుదు. మన ఇండ్లలోని పాత పత్రముల భాష అందున్నది గనుక దానిని గూర్చియే ఇచట విరివిగా వ్రాయుచున్నాను.

ఆయన 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. కుమారునకు చిన్ననాడే పారసీకము మున్నగు భాషలు నేర్పెను. ఈ పారసీకమే తరువాత తెలుగువారికి అక్కఱకు వచ్చినది. 1817లో చెన్నపట్టణము చేరునాటికి దొరకు తెలుగు రాదు. 1820లో కడపకు ఉద్యోగియై పోయి, పిమ్మట మచిలీపట్టణమునను, మన రాజమహేంద్రవరమునను న్యాయశాఖలో పనిచేసెను.

కచ్చేరీలో విన్న తెలుగును, పండితులు బోధించిన తెలుగును ఒకటి కాదు. జిల్లా, రైతు, వకీలు, దస్తావేజు, జమాబందీ, జామీను, జప్తు: ఇవన్నియు గోలకొండ సుల్తానుల కాలమునను, మొగలాయీల కాలమునను పాలనతో పాటు వచ్చిన పారసీక, అరబ్బీ పదములు. ఉత్తర సర్కారులను మన సీమపేరే అట్టిది. 1766లో ఈ సర్కారులు ఇంగ్లీషువారి వశమైనను దఫ్తరములలో ఆ మాటలు అట్లే నిలిచినవి. మేస్త్రీ, పాదిరి, బొత్తాము, అనాస అను మాటలు పోర్చుగీసువారి వలన వచ్చినవి. మన ద్రాక్షారామమున 17వ శతాబ్దిలో ఒలందావారికి, అనగా డచ్చివారికి, వర్తకశాల యుండెను. వారి భాషనుండి మనకు దక్కిన మాట కక్కూసు! చెప్పుకొనుటకు సిగ్గైనను సత్యము సత్యమే గదా.

ఇది మనకు మాత్రమే కలిగినది కాదు. 711 నుండి అనేక శతాబ్దములు అరబ్బుల పాలన నెఱిగిన స్పెయిను దేశమున నగరాధ్యక్షుని అల్కాల్దే యందురు. ఆ పదమునకును మన ఖాజీ పదమునకును మూలమొక్కటే.

కావ్యములలో చోటు దొరకని ఇట్టి పదములపై గ్రామములలోని పొలములు ఆధారపడియుండెను. దస్తావేజులోని ఒక మాట తెలియని రైతు దావాలో భూమిని పోగొట్టుకొనవచ్చును. ఆ మాట తెలియని న్యాయాధికారి అన్యాయపు తీర్పు చెప్పవచ్చును. అందుచేత బ్రౌను దొర వీనిని ఏరి, అర్థములు వ్రాసి, ప్రత్యేక సంపుటముగా కూర్చెను. అది ముఖ్యముగా ఇంగ్లీషు ఉద్యోగులకై పుట్టిన గ్రంథమనుట నిజమే. రైతు అను పదమును పరభాషాపదముల వరుసలో చూచుటకు నా మనసంతగా ఒప్పుకొనదు. అయినను, వ్యవహారములోని మాటకును నిఘంటువు కావలయునని ఆయన తలంచుట చిన్న విషయము కాదు.

కడపలో బంగళా కొని, పండితులకు జీతములిచ్చి, తాళపత్రములను సరిచూపించి శుద్ధప్రతులు వ్రాయించెను. ఇందుకు జీతము చాలక అప్పులు చేసెను. 1829లో వేమన పద్యములను అచ్చొత్తించెను. సెలవుపై లండను పోయినప్పుడు అచటి ఇండియా హౌసులో మూలబడియున్న రెండువేలకు పైబడిన దక్షిణదేశపు లిఖితగ్రంథములను చెన్నపట్టణమునకు పంపించెను.

1855లో ఈ దేశము విడిచిపోయి, లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడయ్యెను. 1884 డిసెంబరు 12వ తేదీన అచటనే మరణించెను. కడపలో ఆయన బంగళా యుండిన స్థలమున ఇప్పుడు ఆయన పేర గ్రంథాలయము కలదు.