నొప్పి విలువ తెలిసిన వైద్యుడు – డాక్టరు పాల్ బ్రాండు

మా గుర్రంకొండ ప్రాంతములో కాలిపుండు మానక ఎముకకు చీము పట్టినదనగానే పెద్దలు తలచుకొను ఊరు రాయవేలూరు. మదనపల్లెలో వైద్యసేవ చేసిన ఆర్కాటు మిషనుకు చెందిన డాక్టరు ఐడా స్కడ్డరమ్మగారే 1900లో అక్కడి వైద్యసేవకు పునాది వేసిరి. అచ్చట ఎందరి కాళ్లనో నిలబెట్టిన డాక్టరు పాల్ బ్రాండుగారిని ఈ శతవార్షిక సంచికలో స్మరించుట మాకు సంతోషము.

ఆయన 1914 జూలై 17న తమిళదేశపు కొల్లి కొండలలో మిషనరీ దంపతులకు జన్మించిరి. తొమ్మిదవ యేట చదువుకై ఇంగ్లండు వెళ్లిరి. తండ్రి జెస్సీగారు 1929లో ఆ కొండలలోనే జ్వరముతో మరణించిరి. పాల్‌గారు మొదట వడ్రంగము, తాపీపని నేర్చి, పిమ్మట లండనులో వైద్యము చదివి, 1946లో వేలూరు చేరిరి.

మరుసటి సంవత్సరము చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమమును దర్శించినది మొదలు ఆయన జీవితమే మారినది. కుష్ఠుచే వ్రేళ్లు, పాదములు కుళ్లి రాలునని ఆనాడు వైద్యులు సహా నమ్మిరి. ఎముక చెడిన కాలును తరచుగా తీసివేసెడివారు. బ్రాండుగారును సహచరులును ఓపికతో పరిశీలించి వేరొక సంగతి కనుగొనిరి. రోగము నరములను చంపి నొప్పిని తీసివేయును, మాంసమును తినదు. ముల్లు గుచ్చుకొన్నను తెలియక ఆ గాయముమీదనే నడచుటచేత చీము ఎముకకు ప్రాకును.

కారణము తెలిసిన తరువాత మార్గము కనబడినది. ఒత్తిడి పడకుండ పాదమునకు ప్లాస్టరు కట్టు వేయగా పుండ్లు మానెను. పాదము వ్రేలాడి ఈడ్చుకొని నడచువారికి, పిక్క లోపలివైపున బలముగానున్న కండయొక్క స్నాయువును పాదము పైభాగమునకు మళ్లించి కుట్టి, పాదమెత్తుట తిరిగి నేర్పిరి. మెత్తని రబ్బరు చెప్పులు చేయించిరి. ఎంత చక్కని ఆపరేషనైనను తగిన చెప్పు లేకున్న వ్యర్థమని ఆయన ఎరుగుదురు. బాగుపడినవారు మరల బిచ్చమెత్తకుండ నవజీవ నిలయములో చేతిపనులు నేర్పించిరి. తాను నేర్చిన వడ్రంగము అక్కడ అక్కరకు వచ్చినది.

1966లో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లి, అచ్చట ఈ జ్ఞానమును మధుమేహ రోగుల పాదములకును వినియోగించిరి. 2003 జూలై 8న ప్రభువునందు నిద్రించిరి.

నేడు కుష్ఠును మందులు పూర్తిగా నయము చేయుచున్నవి. అయితే షుగరువలన తిమ్మిరెక్కిన పాదములు మన సంఘములలో ఎన్ని లేవు? మా సంఘములో ఒక పెద్దాయన ప్రతి ఆదివారము ఆరాధనకు వచ్చుచుండెను. ఆయన చెప్పులోని పుండు ఆయనకు తెలియలేదు, మాకును కనబడలేదు. చివరకు మోకాలి క్రింద కాలు తీసివేయవలసి వచ్చినది. అప్పటినుండి ఇండ్లు దర్శించునప్పుడు, ప్రార్థనకు ముందు పాదములు చూపుమని మేము అడుగుచున్నాము. ప్రతి సాయంకాలము కాళ్లు కడుగుకొని, అరికాలు చూచుకొని, పుండుండిన వెంటనే వైద్యునియొద్దకు వెళ్లుడని చెప్పుచున్నాము.

ఒక అవయవము బాధ మరియొకదానికి తెలియని శరీరము క్షేమముగా ఉండదు. సంఘమైనను అంతే. బ్రాండుగారి జీవితము మాకు నేర్పిన పాఠమిదియే.