అందరికంటే పొడవైన చెయ్యి

విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) దైవప్రవక్త ముహమ్మద్ (స) మేనత్త కూతురు. చేతిపనిలో దిట్ట. ఇంట్లోనే తోళ్లు పదును చేసేవారు, కుట్టేవారు. అలా వచ్చిన సొమ్మంతా సదఖా కిందే పోయేది.

తన తర్వాత ముందుగా తనను చేరుకునేది పొడవైన చేతులున్న భార్యేనని ప్రవక్త (స) ఓసారి తెలిపారు. దాంతో ఆయన భార్యలు గోడకు ఆనించి చేతులు కొలిచి చూసుకునేవారు. జైనబ్ (రజి) పొట్టి మనిషి కాబట్టి ఆ కొలతలో ముందు లేరు.

ఖలీఫా ఉమర్ (రజి) 12,000 దిర్హములు పంపితే అన్నీ పంచేశారు. హిజ్రీ 20లో అందరికంటే ముందు ఆమే కన్నుమూశారు. పొడవైన చెయ్యంటే దానం చేసే చెయ్యని అప్పుడు మిగతావారికి అర్థమైంది.

మన ఇళ్లల్లో ఆడవాళ్ల కుట్లు, అల్లికలను కాలక్షేపం అనుకునేవాళ్లు ఈ సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి.