ఆనందీబాయి రెండవ విన్నపము

డాక్టరు ఆనందీబాయి జోషి 1886లో అమెరికాలో వైద్యపట్టము పొందినదని అందరు నెరుగుదురు. అంతకు పూర్వము ఆమె చదువుకై పంపిన విన్నపమొకటి విఫలమయినదని ఎరిగినవారు తక్కువ.

ఆ మొదటి విన్నపము ఆమె వ్రాసినది కాదు. తొమ్మిదవ యేట ఆమెను పెండ్లాడిన గోపాలరావు తపాలాశాఖలో గుమాస్తా. భార్యకు చదువు, తనకొక కొలువు కోరుతూ వైల్డరను అమెరికను మిషనరీకి ఆయనే లేఖ వ్రాసినాడు. మతము మార్చుకొమ్మని ప్రత్యుత్తరము వచ్చినది. దంపతు లంగీకరింపలేదు. అయినను ఆ లేఖ వైల్డరు పత్రికలో అచ్చుపడుట మేలే అయినది. న్యూజెర్సీలోని కార్పెంటరను గృహిణి దానిని చదివి, ఆనందీబాయితో ఉత్తరప్రత్యుత్తరములు సాగించి, 1883లో ఆమెకు తన యింట ఆశ్రయమిచ్చినది.

ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్యకళాశాలకు ఈసారి ఆనందీబాయియే వ్రాసినది. అప్పటి కామె వయస్సు 18. కళాశాల నియమములన్నిటికి తాను సరిపోకపోవచ్చునని దాచక ఒప్పుకొన్నది. పురుషవైద్యుని చేత చికిత్స పొందుటకంటె చావునకే సిద్ధపడు స్వదేశస్త్రీలకు వైద్యము చేయవలెనన్నది తన సంకల్పమని తెలిపి, బంధువులను, కులమువారిని ఎదిరించి వచ్చిన పట్టుదలనే అర్హతగా చూపినది. ఇవి వట్టిమాటలు కావు. 14వ యేట ఆమె కన్న బిడ్డ, తగిన వైద్యము లేక, పదిదినములకే గతించినాడు.

కళాశాల చేర్చుకొన్నది. కాని చలిదేశములో క్షయ పట్టుకొన్నది. కొల్హాపురపు ఆసుపత్రిలో స్త్రీల వార్డు ఆమెకై వేచియుండగనే, 22 ఏండ్లు నిండకయే, 1887 ఫిబ్రవరి 26న పూనాలో కన్నుమూసినది.