అన్నదమ్ముల్ని తీసుకుపోయిన రోగానికి మందు తెచ్చిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

జన్వాడలో గానీ, పక్కన మొయినాబాద్, చేవెళ్ల ఊళ్లల్లో గానీ ఒక ఆడబిడ్డ కడుపుతో ఉందని తెలిస్తే ఏఎన్‌ఎం మొదట ఇచ్చేది ఫోలిక్ యాసిడ్ గోలీలు. నాలుగో నెల నుంచి ఐరన్, ఫోలిక్ యాసిడ్ రెండూ కలిసిన ఎర్ర గోలీ మొదలవుతుంది. రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మళ్లీ 180 రోజులు వేసుకోవాలి. చాలా ఇళ్లల్లో ఆ స్ట్రిప్ సగం కూడా అయిపోకుండానే అల్మారాలో పడి ఉంటుంది. వాసన పడదని కొందరు, కడుపులో తిప్పుతుందని కొందరు, బిడ్డ నల్లగా పుడుతుందని ఇంకొందరు పక్కన పెట్టేస్తారు. ఆ గోలీలోని ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబులో తయారు చేసే దారి కనిపెట్టిన బృందానికి పెద్ద ఒక తెలుగు డాక్టర్ అని, ఆ మందు లేకనే ఆయన ఇద్దరు అన్నదమ్ముల్ని పోగొట్టుకున్నాడని తెలిసినవాళ్లు తక్కువ.

ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

భీమవరం నుంచి మద్రాసుకు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇల్లు పెద్దది, ఆదాయం చిన్నది. చదువు మీద మొదట్లో ఆయనకు పెద్దగా మనసు లేదు. పదమూడేళ్ల వయసులో ఇల్లు వదిలి కాశీకి బయలుదేరారు. యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలన్నది ఆలోచన. తల్లి దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చింది. తర్వాత భర్త పోయినా ఆ తల్లి కొడుకు చదువు ఆగనివ్వలేదు. రాజమండ్రిలో చదివి, మెట్రిక్యులేషన్ తప్పి, చివరికి మద్రాసులో హిందూ హైస్కూల్ నుంచి మూడోసారికి పాసయ్యారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు.

డాక్టరు చదువుకు డబ్బు కావాలి. స్నేహితులు, కస్తూరి సూర్యనారాయణ మూర్తి గారు ఆదుకున్నారు. ఆయన కూతురు శేషగిరిని 1919 మే 10న సుబ్బారావు పెళ్లి చేసుకున్నారు. గాంధీజీ పిలుపు విని సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు బట్టలే వేసుకుని పోయేవారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా సుబ్బారావుకు ఎంబీబీఎస్ రాలేదు. దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ ఇచ్చారు. మద్రాస్ మెడికల్ సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నిస్తే అదీ దొరకలేదు.

ఇంటిని ఖాళీ చేసిన రోగం

అమెరికా వెళ్లకముందే ఆ ఇంటి మీద పెద్ద దెబ్బ పడింది. ట్రాపికల్ స్ప్రూ అనే జబ్బు ఇద్దరు అన్నదమ్ముల్ని కొద్దికాలంలోనే తీసుకుపోయింది. అదే రోగం సుబ్బారావునూ పట్టుకుంది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు.

ఈ జబ్బులో పేగు లోపలి పొర దెబ్బతింటుంది. తిన్న అన్నంలోని సారం ఒంటికి పట్టదు. నెలల తరబడి విరేచనాలు, నాలుక పుండుపడి ఎర్రబడడం, మనిషి ఎండిపోవడం, మొహం పాలిపోవడం దాని గుర్తులు. రక్తం ఎందుకు తగ్గుతుందో అప్పటి డాక్టర్లకు తెలియదు. ఇప్పుడు తెలుసు. ఎముక మూలుగలో ఎర్ర రక్తకణం తయారు కావాలంటే కణం రెండుగా చీలాలి. చీలాలంటే కొత్త డీఎన్ఏ కావాలి. దానికి ఫోలేట్, విటమిన్ బి12 రెండూ ఉండాల్సిందే. అవి లేకపోతే కణాలు చీలకుండా ఉబ్బిపోతాయి. లెక్కకు తక్కువ, సైజుకు పెద్దవి అవుతాయి. దీన్నే మెగలోబ్లాస్టిక్ అనీమియా అంటారు. ఐరన్ తక్కువై వచ్చే రక్తహీనత దీనికి భిన్నం. అందులో కణాలు చిన్నబోయి, రంగు తగ్గి ఉంటాయి.

లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలోనే సుబ్బారావు అనాటమీ పాఠాలు చెప్పారు. ఆ మందుల గుణం ఏమిటో, అవి ఎలా పనిచేస్తాయో పరిశోధించాలన్న తపన అక్కడే పెరిగింది. ఆ తపనే దేశం దాటించింది. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం, మామగారు పోగుచేసిన డబ్బు కలిస్తే ప్రయాణం కుదిరింది. 1922 అక్టోబర్ 26న ఆయన బోస్టన్‌లో దిగారు. భార్య ఇక్కడే ఉండిపోయింది. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డ మొహం చూడలేదు. మళ్లీ ఇండియాకు రానూలేదు.

రాత్రి పోర్టర్, పగలు పరిశోధకుడు

హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ చదువుతూ ఖర్చుల కోసం ఆయన ఆస్పత్రిలో నైట్ పోర్టర్‌గా పనిచేశారు. డాక్టరు చదువు చదివిన మనిషి రోగుల బెడ్‌పాన్లు ఎత్తారు. ఆ తర్వాత సైరస్ ఫిస్క్ ల్యాబులో చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని ఇద్దరూ 1925లో బయటపెట్టారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటూ బయోకెమిస్ట్రీ పిల్లలు నేటికీ చదివేది దాన్నే. కండరంలో శక్తి నిల్వ ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో గుర్తించారు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం మాత్రం దక్కలేదు.

ఆ రోజుల్లోనే రక్తహీనత చికిత్సలో పెద్ద మార్పు వచ్చింది. పెర్నీషియస్ అనీమియా వస్తే మనిషి చనిపోవడమే అప్పటిదాకా. 1926లో బోస్టన్ డాక్టర్లు మైనాట్, మర్ఫీ రోగులకు రోజుకు పావు కిలో దాకా కలేజీ తినిపించి బతికించారు. వాళ్లిద్దరికీ, విపుల్‌కూ కలిపి 1934లో నోబెల్ ఇచ్చారు. కలేజీలో బతికించే పదార్థం ఏదో ఉంది, కానీ అదేమిటి? దాన్ని వేరుచేసే పనిలో సుబ్బారావు ఏళ్ల తరబడి తలమునకలయ్యారు.

మన దేశంలోనూ అదే వెతుకులాట సాగింది. ఇంగ్లండ్ డాక్టర్ లూసీ విల్స్ బొంబాయికి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల రక్తాన్ని పరీక్షించింది. ఈస్ట్‌తో చేసిన మార్మైట్ తినిపిస్తే వాళ్లకు రక్తం పట్టిందని 1931లో ప్రకటించింది. అందులోని తెలియని పదార్థానికి విల్స్ ఫ్యాక్టర్ అని పేరు పడింది. 1941లో పాలకూర ఆకుల నుంచి అలాంటి పదార్థాన్నే తీసిన శాస్త్రవేత్తలు, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట నుంచి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు.

కలేజీ నుంచి గోలీ దాకా

సుబ్బారావు 1940లో హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లే లేబొరేటరీస్‌కు వెళ్లారు. 1942లో అక్కడి రీసెర్చ్ డైరెక్టర్ అయ్యారు. కలేజీ నుంచి ఆ పదార్థం బయటికి వచ్చేది చిటికెడంత. దాంతో ఊరందరికీ మందు ఇవ్వడం కుదరదు. ల్యాబులో తయారు చేయగలిగితేనే పేదవాడి దాకా చేరుతుంది. ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. దాని నిర్మాణాన్ని ప్రకటించిన పత్రం మీద పదహారు మంది పేర్లున్నాయి. వాటిలో సుబ్బారావు పేరు ఒకటి.

కొద్ది నెలల్లోనే అమెరికా డాక్టర్ టామ్ స్పీస్ దాన్ని రోగులకు ఇచ్చి చూశారు. ఉబ్బిన రక్తకణాలు సర్దుకున్నాయి. స్ప్రూ రోగులు కోలుకున్నారు. 1948లో సుబ్బారావు నడుపుతున్న అదే పరిశోధనాలయం నుంచి, బెంజమిన్ డగ్గర్ పనితో, ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. నేటికీ ట్రాపికల్ స్ప్రూకు డాక్టర్లు రాసేది ఫోలిక్ యాసిడ్, దానితో పాటు టెట్రాసైక్లిన్. అన్నదమ్ముల్ని పొట్టన పెట్టుకున్న రోగానికి కావలసిన రెండు మందులూ ఆయన కళ్ల ముందే తయారయ్యాయి. వాళ్లకు మాత్రం అందలేదు.

అదే ల్యాబు ఇంకో వింత కూడా చేసింది. ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉండి, దాని పనికి అడ్డుపడే మందును తయారు చేసింది. అదే అమినాప్టెరిన్. లుకేమియాలో రక్తకణాలు అదుపు లేకుండా పెరుగుతాయి కాబట్టి వాటికి ఫోలేట్ అందకుండా చేయాలన్నది ఆలోచన. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఈ మందిస్తే కొందరిలో రోగం తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. 1948 జూన్‌లో ఆ వివరాలు అచ్చయ్యాయి. దాని తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్ ఇప్పటికీ క్యాన్సర్ వార్డుల్లో, కీళ్లవాతం రోగుల ఇళ్లల్లో ఉంది. బోదకాలుకు మన ఊళ్లల్లో ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ గోలీ, హెట్రజాన్ పేరుతో 1947లో వచ్చింది కూడా సుబ్బారావు బృందం నుంచే.

1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి ఆయన కన్నుమూశారు. వయసు 53. అదే ఏడాది వసంతంలో కలేజీలోని అసలు పదార్థమైన విటమిన్ బి12ను వేరుచేశామని వేరే కంపెనీల శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఏళ్లపాటు ఆయన వెతికింది చివరికి వేరే చేతుల్లో దొరికింది. నోబెల్ రాలేదు. అమెరికా పౌరసత్వం ఆయన తీసుకోలేదు. ఒక ఫంగస్ జాతికి మాత్రం సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. నూరేళ్ల జయంతికి, 1995లో, భారత తపాలా శాఖ స్టాంపు తెచ్చింది.

నర్సమ్మ చేతిలో ఆయన పాఠం

సుబ్బారావు వదిలి వెళ్లిన మందుల్ని రోగి దాకా సరిగ్గా చేర్చేది నర్సు, ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త. నర్సింగ్ చదువులో రక్తహీనత మందుల గురించి నేర్పేవాటిలో కొన్ని ప్రతి ఇంటికీ పనికొచ్చేవి.

ఐరన్ గోలీని చాయ్‌తో గానీ పాలతో గానీ వేసుకోకూడదు. చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. అన్నానికి గంట ముందో, రెండు గంటల తర్వాతో నిమ్మరసం నీళ్లతో వేసుకుంటే బాగా పడుతుంది. కడుపులో తిప్పితే రాత్రి పడుకునే ముందు వేసుకోవచ్చు. కాల్షియం గోలీకీ దీనికీ మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి. విరేచనం నల్లగా వస్తే భయం లేదు, అది ఐరన్ రంగే. బిడ్డ రంగుకూ ఈ గోలీకీ సంబంధమే లేదు. స్ట్రిప్‌ను మాత్రం చిన్నపిల్లలకు అందకుండా దాచాలి. మిఠాయి అనుకుని గుప్పెడు మింగితే ఐరన్ పసిపిల్లల ప్రాణం తీస్తుంది.

బిడ్డ వెన్నుపాము గొట్టం కడుపు నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి కడుపుతో ఉన్న సంగతే తెలియదు. అందుకే బిడ్డ కావాలనుకున్నప్పటి నుంచే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టమంటారు. బ్రిటన్ పరిశోధకుల ఆధ్వర్యంలో పలు దేశాల్లో జరిగి 1991లో అచ్చయిన పరీక్ష, ఒకసారి అలాంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లుల్లో ఇది మళ్లీ రాకుండా చాలావరకు కాపాడుతుందని తేల్చింది.

రెండు జాగ్రత్తలు మర్చిపోకూడదు. బి12 తక్కువైన మనిషికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం రిపోర్టు బాగుపడుతుంది, లోపల నరాలు పాడవుతూనే ఉంటాయి. కాళ్లు తిమ్మిర్లెక్కుతున్నా, నడక తూలుతున్నా దవాఖానాలో బి12 కూడా చూపించుకోవాలి. ఇక కీళ్లకు రాసిన మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకునేది. పొరపాటున రోజూ వేసుకుంటే ఒంట్లో రక్తం తయారవడం ఆగిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే డాక్టర్లు ఆ మందు వారాన్ని చీటీ మీద రాస్తారు, దాని తోడుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌ను వేరే రోజుకు పెడతారు.

గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే ఆలస్యం లేకుండా పెద్ద దవాఖానాకు పోవాల్సిందే. కాన్పులో రక్తం పోవడం ఎవరికైనా జరగొచ్చు. ముందే రక్తం లేని తల్లి దాన్ని తట్టుకోలేదు. తెలంగాణలో ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతోనే ఉన్నారు. చేవెళ్ల కూరగాయల మళ్లల్లో, మొయినాబాద్ పూల తోటల్లో కూలికి పోయే తల్లులు కూడా ఆ లెక్కలోని వాళ్లే.

సుబ్బారావు అన్నదమ్ములు పడకలో ఎండిపోతున్నప్పుడు ఈ గోలీ ప్రపంచంలో ఎక్కడా దొరకలేదు. ఇప్పుడు జన్వాడలో పైసా ఖర్చు లేకుండా ఇంటికే వస్తోంది. అల్మారాలో పడి ఉన్న స్ట్రిప్‌ను బయటికి తీసి, ఈ రాత్రి నుంచే రోజుకొకటి వేసుకోవడం ఒక్కటే మిగిలింది.